వరండాలో మిగిలినవాళ్ళ కోసం

మా అత్తగారు పోయారు. సోమవారం ఏలూరు వెళ్ళి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గుండెల్లో ఎలాగో ఉందంటూ మంచం మీద వాలారు. డాక్టరు వచ్చేలోపే అంతా అయిపోయింది. మర్నాడు సేవాసదనానికి నేనే ఫోను చేసి చెప్పాను. అవతల నర్సమ్మ నమ్మలేక మళ్ళీ అడిగింది. తరవాత, "పై అంతస్తు సంగతి నిన్ననే అడిగి వెళ్ళారు కదండీ," అంది.

ఆ సదనం గురించి చెప్పకుండా మా అత్తగారి గురించి చెప్పడం నాకు చేతకాదు. పక్షవాతంతోనో, నడుం విరిగో మంచాన పడి, ఆసుపత్రిలో ఇక చేసేదేమీ లేదనిపించుకున్నవాళ్ళను ఉంచుకుని చూసుకునే ప్రభుత్వ గృహం అది. ఏలూరులో కాలవ దాటాక ఉంటుంది.

ఆకివీడులో మాకు ఐసు దుకాణం ఉండేది. చేపల పెట్టెల్లోకి ఐసు ఆడించి లారీలకు వేసేవాళ్ళం. మామగారు మిషను దగ్గర, అత్తగారు గుమ్మంలో. ఆ రొదలో లారీవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గొంతు పెద్దదైపోయింది. ఇంట్లో ప్రార్థన చేసుకున్నా వీధి చివరికి వినపడేది. తాడేపల్లిగూడెం నుంచి కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, నన్ను తిడుతున్నారనుకుని వంటింట్లో ఏడ్చాను. "తిట్టడం కాదమ్మాయ్, అన్నం తినమంటున్నా," అన్నారు, అదే గొంతుతో.

మామగారికి పక్షవాతం వచ్చాక ఆ ఇంటి తీరే మారిపోయింది. ఆయన భారీ మనిషి. పక్కకు తిప్పాలంటే ఇద్దరు కావాలి. టీచర్ని కనక నేను బడికి పోవాలి, మావారు దుకాణం చూడాలి. ఒకరోజు ఒంటరిగా తిప్పబోయి అత్తగారు ఆయనతోపాటు నేల మీద పడ్డారు. వీపు మీద పుళ్ళు కూడా మొదలయ్యాయి. అప్పుడు తీసుకెళ్ళాం సదనానికి.

ఖాళీ లేదు. వరండాలో చాపలు పరుచుకుని చాలామంది ఉన్నారు. మా పక్కన కొల్లేటి లంక నుంచి వచ్చిన ఒకావిడ, నడుం విరిగిన తల్లితో. వాళ్ళు మాకన్నా ముందొచ్చారు. డాక్టరు అటుగా వెళ్తే ఆవిడ లేచి నిలబడేది, ఏమీ అడిగేది కాదు. మా అత్తగారు మాత్రం వచ్చిన ప్రతివాళ్ళనూ ఆపి అడిగేవారు. చివరికి ఒక మంచం ఖాళీ అయింది. మామగారిని లోపలికి తీసుకున్నారు.

ఆయన్ని సర్ది అత్తగారు కాఫీ పట్టుకుని బయటికొచ్చేసరికి పక్క చాప లేదు. ఇంటికెళ్ళిపోయారని ఎవరో చెప్పారు. ఆ వారమంతా అత్తగారికి మనసు మనసులో లేదు. నన్ను వెంటబెట్టుకుని, బస్సు దిగి పడవెక్కి, దారి అడుగుతూ ఆ లంకకు వెళ్ళారు. ముసలమ్మ అప్పటికే పోయింది.

"మాకంటే ముందొచ్చారు కదమ్మా మీరు. ఎందుకడగలేదు?" అన్నారు అత్తగారు.

"అడిగితే మీ ఆయన్ని దింపేసేవారాండీ? ఉన్నది ఒక్క మంచమే కదండీ," అంది ఆవిడ. ఆ మాటలో కోపం లేదు. మాకు మంచినీళ్ళిచ్చి, పడవదాకా వచ్చి సాగనంపింది.

పడవలో అత్తగారు వెనక్కి తిరిగి ఆ లంకనే చూస్తూ కూర్చున్నారు. గట్టు మీదికి వచ్చాక, "ఒక్కటే ఎందుకుండాలి?" అన్నారు. నన్ను చూసి అన్న మాట కాదది.

సదనం వెనకాల కొత్త భవనం ఒకటి తాళం వేసి ఉండేది. కిటికీలోంచి చూస్తే లోపల ప్లాస్టిక్ కవర్లైనా తీయని మంచాలు. అత్తగారు తిన్నగా సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళి, తెరవరేమని నిలదీశారు.

"మంచాలున్నాయమ్మా, మనుషుల్లేరు. నర్సు పోస్టులు మంజూరు కాలేదు. తెరిచేశాక రోగుల్ని ఎవరు తిప్పుతారు, ఎవరు తినిపిస్తారు?" అన్నారాయన.

ఒంటరిగా తిప్పబోయి పడ్డ మనిషికి ఆ మాట వెంటనే అర్థమైంది. "అయితే ఎవర్నడగాలో చెప్పండి," అన్నారు.

అలా మొదలయ్యాయి ఆ సోమవారాలు. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజది. కైకలూరు మీదుగా ఏలూరు బస్సు, చేతిలో చద్దన్నం డబ్బా. మొదటిసారి నేనూ వెళ్ళాను. "మీ ఆయనకి బెడ్డిచ్చారు కదండీ, ఇంకా దేనికండీ?" అన్నాడు అక్కడి ఆఫీసరు.

"మా ఆయనకిచ్చారండీ. ఇవ్వనివాళ్ళ గురించి వచ్చానండి," అన్నారు అత్తగారు. గదిలో అందరూ తిరిగి చూశారు.

తరవాత లంకావిడను కూడా తీసుకెళ్ళారు. "ఈసారి నువ్వు చెప్పమ్మా," అని వెనక్కి తగ్గి నిలబడ్డారు. ఆవిడ తల్లి ఎలా పోయిందో చెప్తుంటే, ఆ చిన్న గొంతు వినపడక ఆఫీసరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నా అరుపులకన్నా అదే పనిచేసింది," అన్నారు అత్తగారు బస్సులో, సంతోషంగా.

మామగారు సదనంలోనే, పుళ్ళు మాని, ప్రశాంతంగా వెళ్ళిపోయారు. ఆయన పేరున చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక అయిన వెంటనే వచ్చిన సోమవారం ఆవిడ బస్సుకు తయారయ్యారు. "నాన్న పోయాడు కదమ్మా, ఇంకా ఎందుకు?" అన్నారు మావారు.

"మీ నాన్న మంచం మీద ఈపాటికి ఇంకొకరున్నారు. వాళ్ళ వెనక వరండాలో ఎంతమందున్నారో నువ్వు చూశావా?"

ఆఫీసర్లు మారేవారు. కొత్తాయన వచ్చినప్పుడల్లా అత్తగారు విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు. ఆదివారం గుడిలో పెద్దగా ప్రార్థిస్తూ, స్టాఫు నర్సులూ ఆయాలూ కావాలని పోస్టుల పేర్లతో సహా దేవుణ్ణి అడిగేవారు. పాస్టరుగారు నవ్వాపుకుని ఆమెన్ అనేవారు.

ఏళ్ళు పట్టింది. పోస్టులు వచ్చాయి, తాళం తీశారు. ప్రారంభోత్సవం రోజున వేదిక మీద దండలు వేస్తుంటే అత్తగారు అక్కడ లేరు. లోపల కుళాయిలు తిప్పి చూస్తున్నారు. ఉపన్యాసం మధ్యలో వచ్చి, "వెనక బాత్రూములో నీళ్ళు రావట్లేదండీ," అన్నారు. మైకు అక్కర్లేకుండానే అందరికీ వినపడింది. సభ ముగిసేలోపు ప్లంబరు వచ్చాడు. లంకావిడకు అక్కడే ఆయా పని దొరికింది.

కొన్నాళ్ళకే ఆ భవనమూ నిండింది. వరండాలో మళ్ళీ చాపలు. ఇంత తిరిగి ఏం లాభమని నేనే అన్నాను. అత్తగారు నొచ్చుకోలేదు. "నిండిందంటే అవసరం ఉన్నట్టే కదమ్మాయ్. ఖాళీగా ఉంటే మనం అబద్ధం చెప్పినట్టయ్యేది," అన్నారు. ఆ వారం నుంచి దాని మీద పై అంతస్తు వెయ్యమని అడగడం మొదలుపెట్టారు. చివరిసారి ఏలూరు వెళ్ళింది అందుకే.

మొన్న సోమవారం బడికి సెలవు పెట్టి నేను వెళ్ళాను. నాది అత్తగారి గొంతు కాదు. అయినా పై అంతస్తు ఎందుకు కావాలో, ఎంతమంది నర్సులతో కావాలో చెప్పాను. పైకి రాస్తామన్నారు. వచ్చే సోమవారం మళ్ళీ వస్తానన్నాను.

అక్కడినుంచి సదనానికి వెళ్ళాను. ముందురోజు దాకా వరండాలో ఉన్న ఒక ముసలమ్మకు ఆవేళే మంచం దొరికిందట. లంకావిడ ఆమెను మెల్లగా లేపి, దిండ్లకు ఆనించి, జావ తాగించబోయింది. ముసలమ్మ తల అడ్డంగా ఊపి, చెంచా తన చేతిలోకి లాక్కుంది. చెయ్యి వణికి సగం చీర మీద ఒలికింది. తుడవబోతే ఉండమని సైగ చేసి, మళ్ళీ గిన్నెలో ముంచి, రెండో చెంచా నోటిదాకా తెచ్చుకుంది.