బుగ్గ మీద సిల్వర్ నైట్రేట్

"మచ్చేదీ?" అన్నాడు గేటు దగ్గర కాపలా మనిషి.

ఒక చేత్తో నా పాసు, ఇంకో చేత్తో నా గడ్డం పట్టుకుని మొహాన్ని ఎండకేసి తిప్పాడు. పాసు మీద అతికించిన ఫొటోలో నా ఎడమ బుగ్గ మీద కందిగింజంత నల్లమచ్చ ఉంది. ఫొటో కింద, గుర్తింపు చిహ్నం అన్నచోట, అదే సంగతి సిరాతో రాసి ఉంది. నా బుగ్గ మాత్రం ఆ ఉదయమే గీసుకున్న గడ్డంతో నున్నగా ఉంది.

"పోయిందండి," అన్నాను.

"మచ్చెలా పోద్ది బావూ? అదేటి, జొరమా?"

"అది మచ్చ కాదు. సిల్వర్ నైట్రేట్."

అతను పాసు మళ్ళీ మొదటి నుంచీ చదివాడు. "ఇందల సిల్వరని రాయనేదు. మచ్చని రాసుంది."

విశాఖపట్నం రేవు దగ్గర, ఒక ప్రైవేటు కంపెనీ సరుకుల యార్డు గేటు ముందు జరిగిన మాటలివి. ఎనభయ్యో దశకం మొదటి సంవత్సరాలు. అప్పుడే కడుతున్న ఉక్కు కర్మాగారానికి యంత్రాలు మోసుకొచ్చిన ఓడ లోపల కట్టేసి ఉంది. విలేఖరుల్ని పదకొండు గంటల వరకే ఎక్కనిస్తామన్నారు. అప్పటికి పదింబావు. పత్రికలో నేనింకా ప్రొబేషన్ మీదే ఉన్నాను. "ఓడెక్కి రా. వార్త బాగుంటే నిన్ను పర్మనెంటు చెయ్యమని రాస్తాను. లేదంటే ఇంకో ఆర్నెల్లు చూద్దాం," అని మా న్యూస్ ఎడిటర్ బయల్దేరేటప్పుడే చెప్పాడు. ఇంట్లో కొత్త పెళ్ళాం. ఆర్నెల్లు చూసే ఓపిక నాకు లేదు.

నాతో వచ్చిన మా పత్రిక ఫొటోగ్రాఫరు పాసులో కుడి కనుబొమ్మ మీద గాటు అని ఉంది. గాటు ఎక్కడికీ పోదు. ఆయన దర్జాగా లోపలికి వెళ్ళి, గేటు అవతల నిలబడి, నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మచ్చ సంగతి మొదటి నుంచీ తెలిసిన మనిషి మరి.

రెండు నెలల ముందు, మే నెలలో, గోపాలపట్నంలో నా పెళ్ళి జరిగింది. ముహూర్తం పొద్దున తొమ్మిదిన్నరకి. ఆ ఊళ్ళో మే నెల ఉక్కపోతలో కాటుక నిలవదు. నా బుగ్గచుక్క పీటల మీద కూర్చున్న కాసేపటికే జారి దవడ దాకా వచ్చింది. తుడిచి మళ్ళీ పెట్టారు. మళ్ళీ జారింది. మూడోసారికి పెళ్ళికూతురి చెల్లెలు, మా మరదలు ముందుకొచ్చింది. బీయస్సీ ఆఖరి సంవత్సరం, కెమిస్ట్రీ. చేతిలో గోధుమరంగు చిన్న సీసా, అగ్గిపుల్లకి చుట్టిన దూది.

"బావా, కదలకండి. ఇది కారదు."

"ఇదేటి, నీళ్ళా?"

"నీళ్ళే. కాస్సేపు ఎండలో నిలబడితే సాలు."

అద్దంలో చూసుకుంటే ఏమీ లేదు. ఆటపట్టించడానికి ఉత్త నీళ్ళు పూసిందనుకున్నాను. తాళి కట్టాక గ్రూపు ఫొటో కోసం అందర్నీ వీధిలోకి తెచ్చారు. అప్పుడు మరదలి స్నేహితురాళ్ళు ఐదారుగురు నాకు ఎదురుగా వరసగా నిలబడి, ఫొటో తీసేవాణ్ణి కాకుండా నా బుగ్గనే చూడటం మొదలుపెట్టారు. ఒకమ్మాయి, "లేత గోధుమ," అంది. ఇంకో అమ్మాయి, "వక్కపొడి," అంది. మూడో అమ్మాయి, "వస్తంది, వస్తంది, నలుపొచ్చేసింది," అని మా మరదలి వీపు మీద ఒక్కటి చరిచింది. పెళ్ళికూతురు తల వంచుకునే ఉంది గానీ భుజాలు అదురుతున్నాయి. ఆమెకీ తెలుసు.

సాయంత్రం సబ్బుతో కడిగాను. సున్నిపిండి, నిమ్మచెక్క, చింతపండు, కిరసనాయిలు వరసగా అయ్యాయి. బుగ్గ ఎర్రబడింది. చుక్క మాత్రం ఇంకా బాగా కనిపించింది. అత్తగారు కూతుర్ని కేకలేస్తూ నడిమధ్యలో తానే నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆఫీసుకి వెళ్ళిన రోజున తిన్నగా డార్క్ రూముకి పోయాను. మా ఫొటోగ్రాఫరు విశాఖ పాతబస్తీ మనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఎర్ర బల్బు కింద నా బుగ్గ చూసి, తలుపు తీసి వెలుతుర్లో ఇంకోసారి చూశాడు.

"మియా, నిన్ను ఫొటో తీసేసింది నీ మరదలు."

"అంటే?"

"నీ చెమటలో ఉప్పుంది. ఆ నీళ్ళలో వెండి ఉంది. రెండూ కలిసి ఎండ తగిలితే వెండి నల్లగా బయటపడతాది. నా ఫిలిం మీద, నా కాగితం మీద జరిగేదీ ఇంచుమించు అంతే. ఓటేసినప్పుడు వేలికి పూస్తారే, అందులోనూ ఇదే సరుకు."

"మీరు ఫొటోలు కడిగే హైపో మందులో కడిగితే పోదా?"

"ఎండ తగలని వెండినే హైపో తీసుకుపోతాది. తగిలాక బొమ్మ నిలిచిపోయినట్టే. నీ చర్మం రాలి కొత్తది రావాల. అప్పటిదాకా ముస్తాబుగా తిరుగు." ఆ వెండి నీళ్ళనే గాజు వెనక పోసి అద్దాలు చేసే సాయిబులు తమ వీధిలో ఇద్దరున్నారనీ, వాళ్ళ వేళ్ళెప్పుడూ నల్లగానే ఉంటాయనీ, వాళ్ళకీ పెళ్ళిళ్ళయ్యాయనీ ధైర్యం చెప్పాడు.

సరిగ్గా ఆ వారంలోనే యార్డు పాసుకి ఫొటో దిగాల్సి వచ్చింది. అక్కడి గుమాస్తా గుర్తింపు చిహ్నాలు అడిగితే పదో తరగతి సర్టిఫికెట్టులో ఉన్నట్టే చెప్పాను, కుడి మోకాలి మీద పుట్టుమచ్చ అని. అతను కలం ఆపి నావైపు చూశాడు.

"గేటు కాడ రోజూ పేంటెత్తి సూపిత్తావేటి? ముకం మీద ఇంత మచ్చెట్టుకుని."

అది మరదలు చేసిన పని అని చెప్పాలి. గది నిండా మనుషులున్నారు. సిగ్గేసి ఊరుకున్నాను. అతను ఎడమ బుగ్గ అని రాసేశాడు. పాసు చేతికొచ్చేసరికి చుక్క పలచబడింది. ఓడ వచ్చేసరికి బొత్తిగా పోయింది.

గేటు దగ్గర ఈ కథంతా చెప్పాను. కాపలా మనిషి శ్రద్ధగా విన్నాడు. మధ్యలో, "మరదలు పెద్దదా, సిన్నదా?" అని అడిగాడు. అంతా అయ్యాక, "నాకు రాసిందే లెక్క," అన్నాడు.

పదిన్నర దాటింది. గేటుకి ఎదురుగా టీ బడ్డీ ఉంది. పరిగెత్తి, కెటిలు అడుగున వేలు రాసి, మసి బుగ్గకి అద్దుకుని తిరిగొచ్చాను. టీ తాగుతున్న లారీ డ్రైవర్లు నా వెనకే వచ్చి చుట్టూ నిలబడ్డారు. కాపలా మనిషి ఫొటో చూశాడు, నన్ను చూశాడు. "కొంచెం పైకుండాల," అన్నాడు. ఒక డ్రైవరు తన వేలితో సర్ది పెట్టాడు. ఈలోగా పరుగు తాలూకు చెమట పట్టింది. మసి కదలడం నాకే తెలుస్తోంది. పెళ్ళిపీటల మీద లాగే బుగ్గ దిగి దవడ మీదికి వచ్చింది. డ్రైవర్లు గొల్లుమన్నారు. గేటు అవతల మా ఫొటోగ్రాఫరు కెమెరా కింద పెట్టి నేల మీద కూలబడ్డాడు. నాకూ నవ్వు ఆగలేదు. పర్మనెంటు మాట ఇంకో ఆర్నెల్లు వెనక్కి పోయేలా ఉందని తెలుసు, అయినా ఆగలేదు.

కాపలా మనిషి ఒక్కడే నవ్వలేదు. పుస్తకంలో నా పేరు రాసుకుని పాసు చేతికిచ్చాడు.

"లోపలికెల్లి తుడుసుకో బావూ. నాను సూసినప్పుడు ఉంది."

పదకొండుకి పది నిమిషాలుండగా ఓడెక్కాను. దవడ మీద నల్లటి చారతోనే కెప్టెన్‌తో మాట్లాడాను. అతను మర్యాదస్తుడు, ఏమీ అడగలేదు. మర్నాడు వార్త మొదటి పేజీలో వచ్చింది. నెల తిరక్కుండా ఉద్యోగం ఖాయమైంది.

ఖాయమైనప్పుడు మా ఆఫీసు గుమాస్తా నా సర్వీసు పుస్తకం తెరిచి, గుర్తింపు చిహ్నాన్ని చేతికి దొరికిన ఆ పాసులోంచే ఎత్తి రాశాడు. సవరించమని దరఖాస్తు పెట్టాను. మచ్చ లేదని డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మన్నారు. "లేదని ఇస్తాను. ఇదివరకు ఉండేదో లేదో నేనెలా రాసేది?" అన్నాడు డాక్టరు. ఆయన రాసిచ్చినంతే జతచేసి పంపాను. మచ్చ పోవడానికి కారణం తెలపమని కాగితం తిరిగొచ్చింది. సిల్వర్ నైట్రేట్ అని రాసి పంపాను. నేను రిటైరయ్యే రోజుకి కూడా దానికి జవాబు రాలేదు.