ఓడ అడుగు నుంచి వచ్చిన కాగితం

2023 అక్టోబరు. అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఫోటో ఫ్రేముల షాపు. పదో తరగతి గట్టెక్కని నేను ఈ పనిని లైబ్రరీ పుస్తకాలు చదివీ, ఇతరులు పాడుచేసిన ఫ్రేములు విప్పీ నేర్చుకున్నాను. అలా పాడుచేసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణని ఆ రోజు తేలింది.

ఎనభై దాటిన రూత్ అనే ఆవిడ పాత ఫ్రేమొకటి బల్ల మీద పెట్టింది. అద్దం కింద నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. మాసిన పెన్సిల్ రాత: "మేరీ, బాగానే ఉన్నాను. పాపకి ముద్దులు."

"ఆ పాపని నేనే," అంది. "నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో, ఫిలిప్పీన్స్‌లో జపాన్ వాళ్ళకి పట్టుబడ్డాడు. ఖైదీల్ని జపాన్ తీసుకెళ్ళే ఓడలోనే పోయాడు. వెనకవైపు కూడా రాశాడని, బతికొచ్చి ఈ కాగితం అమ్మకిచ్చిన ఆయన స్నేహితుడి డైరీలో ఉంది. అది చదవాలి. నా చూపు ఎన్నాళ్ళుంటుందో కళ్ళ డాక్టరు చెప్పలేనన్నాడు."

ఆ ఓడల గురించి నేను చదివాను. సరుకు వేసే అడుగు గదుల్లో వందల మందిని కూర్చునే చోటు కూడా లేకుండా కుక్కారు. గాలి లేదు, గుక్కెడు నీళ్ళు లేవు. లోపల ఖైదీలున్నారని ఓడ మీద గుర్తయినా పెట్టలేదు. అందుకే అమెరికా సబ్‌మెరైన్లు తెలియక తమవాళ్ళనే ముంచాయి. పశువుల్ని తోలేవాడికైనా ఇంతకన్నా దయ ఉంటుంది!

ఇలా మండిపడుతూ ఫ్రేము తిప్పాను. వెనక మా షాపు లేబులు. 1988. నా చేతిరాత.

అంతా గుర్తొచ్చింది. అప్పుడు తెచ్చింది రూత్ వాళ్ళమ్మ మేరీ. పాత కాగితాన్ని అట్టకి నిలపడానికి మా పనిలో హింజ్ వేస్తాం. అంటే పల్చటి జపాన్ కాగితం ముక్కలు రెండు, గోధుమపిండి జిగురుతో పై అంచున అంటించడం. తడి చేస్తే ఊడొస్తాయి. ఆ మాటే చెప్పాను.

"జపాన్ కాగితమా? నా భర్త ఉత్తరానికా?" అని మేరీ లేచి నిలబడింది.

ఆవిడ కోపం న్యాయం. వేరే దేశపు కాగితం వెతకాల్సింది నేను. బద్ధకించి డ్రై మౌంటింగ్ చేసేశాను. కాగితానికీ అట్టకీ మధ్య జిగురు పొర పెట్టి, వేడి ప్రెస్సులో నొక్కేయడం. ఇక ఊడదు. వెనక ఏవో గీతలు కనబడ్డాయి. చదవలేదు. జిరాక్సైనా తీయలేదు.

పక్కనే ఉన్న మా ఆవిడ కమల గొంతు తగ్గించి తెలుగులో అంది: "ఏమండీ, ఆ లేబుల్ మనదే కదా?"

"ఆవిడ చూడలేదులే."

"చూడలేదు గనకే చెప్పాలి. పొద్దస్తమానం లోకాన్నంతా తిడతారుగా, ఇవాళ మీ వంతు."

చెప్పాను. రూత్ ఫ్రేము తన వైపు తిప్పుకుంది. "అమ్మకి వెనకవైపు అక్కర్లేదు," అంది. "'బాగానే ఉన్నాను' అన్న వైపే కావాలి. మరి ఊడదీయగలరా?"

"నేను ముట్టనమ్మా. ఒకసారి ముట్టిన ఫలితమే ఇది."

డెట్రాయిట్‌లో పాత కాగితాలు బాగుచేసే నిపుణురాలి దగ్గరికి నేనే కార్లో తీసుకెళ్ళాను. ఐదు వారాలు పట్టింది. పెన్సిల్ రాత కాబట్టి బతికింది. రూత్ భూతద్దం పెట్టి చూసి, చేతకాక నా వైపు జరిపింది. "మీరే చదవండి."

మూడు పేర్లు, మూడు ఊళ్ళు. కింద రెండు వాక్యాలు: "ముగ్గురూ నా పక్కనే పోయారు, చేతులు పట్టుకునే ఉన్నాను. వాళ్ళ ఇళ్ళకు చెప్పు."

రూత్ శీతాకాలమంతా వెతికింది. ఇద్దరి తాలూకు ఎవరూ దొరకలేదు. మూడో అతని అన్న కూతురు టొలీడోలో దొరికింది. మా షాపులోంచే స్పీకర్ పెట్టి మాట్లాడింది రూత్. ఆ రెండు వాక్యాలూ చెప్పింది.

"మా నానమ్మ తొంభై ఒకటిలో పోయింది," అందామె. "మా బాబాయి ఒంటరిగా పోయాడా అని, అదొక్కటే అడిగేది అందర్నీ."

1988 నుంచి తొంభై ఒకటి. మూడేళ్ళు. ఆ తల్లికి చేరాల్సిన జవాబు మూడేళ్ళపాటు నా జిగురు కింద ఉంది. కమల నా భుజం మీద చెయ్యి వేసింది.

ఈసారి రెండు వైపులా అద్దం బిగించమంది రూత్. హింజ్‌కి ఏ కాగితం వాడమంటారని అడిగాను. జపాన్ కాగితం ముక్కని వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"తడిపితే ఊడుతుందా?"

"ఊడుతుంది."

"అయితే ఇదే పెట్టండి. మళ్ళీ ఎవరికైనా అవసరం పడొచ్చు."

ఇప్పుడు నా బల్ల మీదికి ఏ కాగితం వచ్చినా ముందు తిప్పుతాను. వెనక ఉన్నది పైకి చదివి వినిపిస్తాను. వద్దన్నా వినిపిస్తాను. ఆ తర్వాతే టేపు తీసి కొలత.