కామెర్ల వాత

పదేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. చాలా చిన్న మాట. చెప్పడానికి ఒక ఊపిరి కూడా పట్టలేదు. దాన్ని నా డైరీల్లో ఎక్కడా రాయలేదు. వాన పడితే రాశాను, జ్వరం వస్తే రాశాను, చదివిన ప్రతి కథ గురించీ రాశాను, ఎవరైనా నాతో కాస్త మెత్తగా మాట్లాడితే అక్షరం పోకుండా రాసిపెట్టుకున్నాను. ఇది మాత్రం రాయలేదు. నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరి దగ్గర దాచాను?

మీకు నేను తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే ముందు జాలిపడతారు. నా విషయంలో అందరూ మొదట చేసేది అదే. ఆ జాలి వెనక నేను చాలా ఏళ్ళు దాక్కున్నాను, హాయిగా. మీరు జాలిపడకండి. చివరిదాకా వినండి, చాలు.

నా ఒంటి మీద రెండు రకాల వాతలున్నాయి. ఆ తేడా ముందే చెప్పాలి.

ఒకటి ఎడమ చేతి మీద, మణికట్టుకు కాస్త పైన. నాకు ఐదేళ్ళప్పుడు కామెర్లు వచ్చాయి. అప్పుడు మేం కృష్ణగిరిలో ఉండేవాళ్ళం. అమ్మ నన్ను చంకన వేసుకుని మత్తూరు పక్కన ఒక పల్లెకు తీసుకుపోయింది. అక్కడ ఒక ముసలాయన కామెర్లకు వాత పెట్టేవాడు. సన్నటి ఇనుప కడ్డీ నిప్పుల్లో కాల్చి, చేతి మీద ఒక్కచోట అంటించి తీసేసేవాడు. తర్వాత ఏదో ఆకు పసరు పూసేవాడు. మా వైపు ఇప్పటికీ పెట్టించుకునేవాళ్ళున్నారు. అమ్మ నన్ను కదలకుండా పట్టుకుని నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఆ మచ్చ కందిగింజంత ఉంటుంది. గుండ్రంగా, నున్నగా, ఎవరో శ్రద్ధగా దిద్దిన బొట్టులా ఉంటుంది.

రెండో రకం తొడల మీద, నడుం వెనక. అమ్మ పోయాక నాన్న చేసుకున్న చిన్నమ్మ పెట్టినవి. ఇనుప దోసె గరిటెతో. పాలు పొంగిపోయినందుకు ఒకటి. బడి నుంచి ఆలస్యంగా వచ్చినందుకు ఇంకొకటి. తక్కినవాటికి కారణాలు నాకు గుర్తులేవు, బహుశా ఆమెకూ లేవు. నాన్న రాళ్ళ క్వారీలో లారీ తోలేవాడు, ఇంట్లో ఉన్న రోజు ఆమె చెప్పిందే వినేవాడు. ఈ మచ్చలకు ఒక రూపం లేదు. ఒకవైపు లోతుగా ఉంటాయి, ఇంకోవైపు ఈడ్చినట్టు చెదిరిపోయి ఉంటాయి. ముసలాయన దగ్గర నన్ను అమ్మ పట్టుకుంది కాబట్టి నేను కదల్లేదు. చిన్నమ్మ దగ్గర నుంచి పారిపోతున్నాను. పారిపోయే పిల్లకు పెట్టిన వాత అట్లా ఉంటుంది.

ఎవరైనా అడిగితే కామెర్లకు పెట్టించారని చెప్పమని చిన్నమ్మే నేర్పింది. ఆ మాట చాలాకాలం పనిచేసింది. చివరికి బడిలో ఒక టీచరమ్మ నమ్మలేదు. అట్లా నేను తొమ్మిదేళ్ళప్పుడు కృష్ణగిరిలోనే ఒక పిల్లల హోంకు వచ్చాను. హోం వాళ్ళు కొందరు పిల్లల్ని ఇళ్ళల్లో పెట్టి పెంచేవారు. దత్తత కాదు. సొంతవాళ్ళు బాగుపడ్డారనుకుంటే ఎప్పుడైనా వెనక్కి పోవలసిన పిల్లలం. కొన్ని నెలలకు నన్ను హోసూరు పక్కన మత్తిగిరిలో ఒక ఇంటికి పంపారు.

ఆ ఇంటామెను పెద్దమ్మ అన్నాను. ఆమే అట్లా పిలవమంది. పిల్లలతో అమ్మ అనిపించుకోవద్దని, తర్వాత విడదీయడం కష్టమని హోం మేడం ఆమెకు గట్టిగా చెప్పిందట. పెద్దమ్మకు పిల్లలు లేరు. పెద్దనాన్నకు హోసూరు కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. కొత్తలో పెద్దమ్మ దోసె గరిటె చేతికి తీసుకుంటే చాలు, నేను పెరట్లోకి పోయి నిలబడేదాన్ని. ఆమె ఏమీ అడగలేదు. తర్వాతి సంతలో ఒక చెక్క గరిటె కొనుక్కొచ్చింది. దాంతో తిప్పితే దోసెలు విరిగిపోయేవి. "ఏమే, ఈ పొద్దు దోసెనా, ఉప్మానా?" అని పెద్దనాన్న నవ్వేవాడు. ఆమె ఆ చెక్క గరిటె మార్చలేదు. నాలుగేళ్ళు విరిగిన దోసెలే తిన్నాం.

ఆమెను నేను ఎంత ప్రేమించానో ఆమెకు చెప్పలేదు. నాకు చెప్పడం రాదు. రాయడమే వచ్చు.

నా పదమూడో ఏట హోం మేడం ఇంకో పిల్లను తీసుకొచ్చింది. నాగవేణి. వేణి అనేవాళ్ళం. ఆరేళ్ళు. జవళగిరి నుంచి వచ్చింది. తల్లీ తండ్రీ లేరు. చిన్నాయన, పిన్ని సాకుతూ కొడుతున్నారని ఎవరో హోంకు చెప్పారట. పేలకని జుట్టు పొట్టిగా కత్తిరించేశారు, మగపిల్లాడిలా ఉంది. వచ్చిన సాయంత్రమే వంటింట్లోకి పోయి, "అమ్మా, ఆకలి" అంది.

పెద్దమ్మ దిద్దలేదు.

ఆ రోజు దిద్దుతుందని చూశాను. మరుసటి రోజూ చూశాను. వేణిని పక్కకు పిలిచి, పెద్దమ్మ అనాలని నేనే చెప్పాను. సరేనని తలూపి, అదే ఊపున లోపలికి పోయి మళ్ళీ అమ్మా అంది. పెద్దమ్మ నా వైపు చూసి, పోనీలే అన్నట్టు నవ్వింది. నేనూ చిన్నదాన్నే వచ్చాను గదా? తొమ్మిదేళ్ళ పిల్ల నోటికి ఆ మాట బరువా? నాలుగేళ్ళు ఆ మాటను నోట్లోనే అదిమిపెట్టి, చెప్పినట్టు విన్నందుకు నాకేం దక్కింది? ఇవన్నీ అప్పుడు నన్ను నేనే అడిగాను. వేణి మాత్రం ఏమీ అడగకుండా పెద్దమ్మ కొంగు పట్టుకుని ఊరి పశువుల ఫారం గేటు దాకా పోయి, దూడల్ని చూసొచ్చేది.

ఏడాది తిరక్కముందే వేణి చిన్నాయన హోంకు వచ్చాడు. మేం మారినామన్నాడు, మా అన్న బిడ్డను మేమే సాక్కుంటామన్నాడు. పిన్నికి కొత్తగా కాన్పయింది, పసిబిడ్డను ఎత్తుకోవడానికి మనిషి కావాలి. ఆ సంగతి అందరికీ అర్థమయింది, ఎవరూ పైకి అనలేదు. ఎండాకాలం సెలవులకు పంపి చూద్దామని మేడం నిర్ణయించింది. సెలవులయ్యాక వేణి వచ్చింది. భుజం వెనక ఒక వాతతో.

పెద్దమ్మ దాన్ని చూసిన రోజు ఇల్లంతా మోగిపోయేట్టు అరిచింది. మేడంకు కబురు పంపింది. కామెర్లు వస్తే పెట్టించామని పిన్ని చెప్పింది. వేణి కూడా కామెర్లనే చెప్పింది. డాక్టరు కాలిన మచ్చ అన్నాడు, ఎవరు ఎందుకు కాల్చారో మచ్చను చూసి చెప్పలేనన్నాడు. వాత పెట్టేవాళ్ళు అందరూ చేతి మీదే పెట్టరు, కొందరు వీపు మీదా పెడతారు. మేడంకు అది తెలుసు. అందుకే ఆమె ఎటూ తేల్చుకోలేకపోయింది.

ఆ వారంలోనే ఒక రోజు పెద్దమ్మ నన్ను వేణికి నీళ్ళు పోయమంది. పెరట్లో పావడా పైకి దోపుకుని పోస్తున్నాను. వేణి నా తొడ మీద మచ్చలు చూసింది. నా ముఖం చూసింది.

"అక్కా, నీకూ కామెర్లు వచ్చినాయా?"

చెంబు నా చేతిలోనే ఉంది. ఆ పిల్ల భుజం నాకు బెత్తెడు దూరంలో ఉంది. ఒకవైపు లోతు. ఇంకోవైపు ఈడ్చినట్టు చెదిరిపోయి. చదువు రానివాళ్ళకు కూడా అర్థమయ్యేంత స్పష్టంగా ఉంది.

వచ్చినాయని చెప్పాను. ఆమె తడిచేత్తో నా మచ్చను ఒకసారి తాకి, ఇంకేమీ అడగలేదు. నేను నీళ్ళు పోశాను.

తర్వాత మేడం వచ్చింది. మధ్యాహ్నం. పెద్దమ్మను లోపలికి పొమ్మని, నన్ను వసారాలో పక్కన కూర్చోబెట్టుకుంది.

"అమ్మీ, నిన్నొక మాట అడుగుతాను. నీ ఒంటి మీద రెండు రకాలూ ఉండాయి. నాకు తెలీడంలేదు, డాక్టరుకూ తెలీలేదు. నీకు తెలుస్తుంది. వేణిది యా రకం?"

నేను తల వంచుకున్నాను.

"భయపడొద్దు. ఏదుంటే అది చెప్పు."

"కామెర్లదే మేడం."

"బాగా చూసినావా?"

"నీళ్ళు పోసేటప్పుడు చూసినాను."

"నీ చేతి మీద ఉండే మాదిరేనా?"

"ఈ మాదిరే," అని చెయ్యి చాపి చూపించాను.

మా అమ్మ ఏడుస్తూ పెట్టించిన మచ్చ అది. నేను బతకాలని పెట్టించిన మచ్చ. దాన్ని చాపి చూపించి ఒక పిల్లను ఆ ఇంటికి పంపాను. చిన్నమ్మ నాకు నేర్పిన అబద్ధాన్ని ఆమె కంటే బాగా చెప్పాను. ఆమెను ఒక టీచరమ్మ నమ్మలేదు. నన్ను అందరూ నమ్మారు. దెబ్బలు తిన్న పిల్ల ఇంకో పిల్లను కొట్టించదని మేడం అనుకుంది. దెబ్బ తిన్నవాళ్ళకు ఎదుటివాళ్ళ నొప్పి తెలుస్తుందని నేను చదివిన పుస్తకాలన్నీ చెబుతాయి. తెలుస్తుంది. బాగా తెలుస్తుంది. తెలిసినంత మాత్రాన ఏమవుతుంది?

జవళగిరికి పంపడానికి తళి బస్సు ఎక్కించేటప్పుడు వేణి ఏడవలేదు. పెద్దమ్మ ఏడ్చింది. బస్సు ఎక్కుతూ వేణి నా వైపు చూసింది. నేను బస్సు మీది అరవ అక్షరాలు చదువుకుంటూ నిలబడ్డాను. చూడకూడనిది ఎదురుగా ఉన్నప్పుడు కనబడిందల్లా చదవడం నా అలవాటు.

ఇక పెద్దమ్మ నాకే మిగులుతుందనుకున్నాను. కొన్ని నెలల తర్వాత, ఆమె పొయ్యి దగ్గర ఉండగా, వెనక నిలబడి మొదటిసారి "అమ్మా" అన్నాను. గభాలున తిరిగింది. తిరిగిన చూపు నా ముఖం మీదికి రాలేదు, నా నడుం ఎత్తున వెతికింది. తర్వాత పైకి వచ్చి నన్ను చూసింది. ఏం కావాలమ్మీ అని మెత్తగానే అడిగింది. ఏమీ వద్దన్నాను. ఆ పిలుపు మళ్ళీ పిలవలేదు.

అప్పుడు నా వయసు పదమూడు. ఈ సంఖ్యను నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. చిన్నపిల్లనని, మళ్ళీ ఎక్కడికో పంపేస్తారని భయపడ్డానని. అది నిజం కాదు. నన్ను పంపేస్తామని ఎవరూ అనలేదు. నాకు భయం లేదు, కడుపుమంట ఉంది. పోనీ, పద్నాలుగేళ్ళకు ఎందుకు చెప్పలేదు? పదహారుకు? హోం ఎక్కడుందో తెలుసు, బస్సు తెలుసు. ఏ ఏడాదైనా పోయి చెప్పవచ్చు. ప్రతి ఏడాదీ ఆ అబద్ధాన్ని మళ్ళీ కొత్తగా చెబుతున్నట్టే బతికాను.

పోయిన చలికాలం హోసూరు సిటీ బస్సులో ఒక అమ్మాయి నా పక్కన కూర్చుంది. చేతిలో టిఫిన్ డబ్బా, బట్టల కంపెనీ గుర్తింపు కార్డు. నేను గుర్తుపట్టలేదు. ఆమే పట్టింది. వేణి. పదహారేళ్ళు. జడ పొడుగ్గా ఉంది. చిన్నాయన ఇల్లు వదిలి ఏడాదయిందట, కంపెనీ అమ్మాయిలతో గది తీసుకుని ఉంటోందట. బడి ఐదో తరగతితో మాన్పించారు. అమ్మ ఎట్లుందని పెద్దమ్మను అడిగింది. ఆ తర్వాత, ఏదో ఊళ్ళో కబురు చెప్పినట్టు, పిన్ని సంగతి చెప్పింది. మత్తిగిరి అక్క కూడా కామెర్లే అనిందని మేడం పిన్నితో చెప్పిందట. అప్పటి నుంచి వాత పెట్టినప్పుడల్లా, దీనికి ఇంకా కామెర్లు పోలేదని పిన్ని నవ్వేదట. వేణి కూడా నవ్వుతూనే చెప్పింది.

నా ముఖం ఎట్లా మారిందో నాకు తెలియదు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నాకు కోపం లేదులే అక్కా. నీకు నిజంగానే కామెర్లకు పెట్టినారు గదా. నాదీ అట్లాంటిదే అనుకుంటివి. నీకెట్ల తెలుస్తుంది?"

అవునన్నాను. తెలియలేదన్నాను.

బస్టాండు రాకముందే వేణి దిగిపోయింది. కిందినుంచి చెయ్యి ఊపింది, మళ్ళీ కలుద్దామంది. నేనూ ఊపాను.

ఆమె క్షమించింది ఒక అమాయకురాలిని. ఆ అమాయకురాలు ఎప్పుడూ లేదు. లేని మనిషికి ఇచ్చిన క్షమను చెయ్యి చాపి తీసుకుని ఇంటికి వచ్చాను. మొదటి అబద్ధానికి నాకు పదమూడేళ్ళు. దీనికి ఇరవై మూడు. ఇప్పుడు ఏ సంఖ్య వెనక దాక్కోవాలి?

వేణి ఏ కంపెనీలో పనిచేస్తుందో తెలుసు. షిఫ్టు ఎప్పుడు వదులుతారో తెలుసు. గేటు దగ్గర నిలబడి చెప్పగలనా? ఇవాళ చేతకాదు. రేపటి సంగతి మీకు మాట ఇవ్వలేను, నా మాటల విలువ మీకు ఇప్పటికే తెలిసింది. చెప్పినా ఆమె పదేళ్ళు వెనక్కి రావు. నన్ను క్షమించమని ఆమెను అడగను, మిమ్మల్నీ అడగను. కానీ ఇక్కడిదాకా రాసేసరికి, చాలాకాలం తర్వాత, ఊపిరి కడుపు దాకా పోతోంది. దానికి నేను అర్హురాలినో కాదో తెలియదు. పోతోంది, అంతే.

మేడం, మీరు అడిగినది బాగా గుర్తుంది. నేను చూసినాను. దగ్గర నుంచి, పగటి వెలుతురులో చూసినాను. అది కామెర్ల వాత కాదు.