గింజ తొక్కని కాలు

విజయవాడలో ఉదయం ఆరింటి బస్సెక్కాను. కొత్తపేటలో టైలరింగ్ షాపు నడిపే మా చెల్లెలు రమణ కుట్టుమిషను అమ్మేస్తానంటోంది. చూడ్డానికి ఆదివారం ఎవరో వస్తున్నారట. ఈలోగా చెల్లెల్ని ఇంటి నుంచి షాపు దాకా నడిపించాలి, అందుకే నా ప్రయాణం. మొన్న ఎండాకాలం దాళ్వా వరికోతలప్పుడు షాపుకి నడిచి వెళ్తుంటే ఆటో గుద్ది కాలు విరిగింది. ఎముక అతుక్కుంది, డాక్టరు నడవమన్నాడు. ఇంట్లో చక్కగా తిరుగుతుంది, గేటు దాటి రోడ్డెక్కమంటే మాత్రం వణికిపోతుంది. ఇప్పుడేమో మళ్లీ చలికాలపు సార్వా కోతలొచ్చాయి.

పదిన్నరకి రావులపాలెంలో దిగాను. అక్కణ్ణుంచి కొత్తపేటకి బస్సులున్నాయి గానీ ఆత్రం ఆగక షేర్ ఆటో ఎక్కాను. మీరు వెళితే బస్సు కోసమే ఆగండి. మా డ్రైవరు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కాలవగట్టు మీద మలుపులు ఒంటిచేత్తో తిప్పేస్తున్నాడు. రోడ్డంచున బడిపిల్లలు నడుస్తున్నారు. నాకు ఒళ్లు మండింది.

“బాబూ, పక్కన ఆపి తీరిగ్గా మాట్లాడుకో. నేనెక్కడికీ పారిపోను.”

“అర్జెంటు కాలండి…”

“ఆ పిల్లల్ని గుద్దితే ఇంకా అర్జెంటవుతుంది.”

గొణుక్కుంటూనే ఆపాడు. పక్కన అరటి గెలతో కూర్చున్నావిడ నా వైపు వంగి, “బాగా అడిగేరండి. రోజూ చూసే మొహాలు కదండీ, మాకు నోరు రాదు” అంది.

మధ్యాహ్నం రమణ చేసిన కంద బచ్చలి కూరతో కడుపునిండా తిన్నాను. నాలుగింటికి సత్తిబాబు వచ్చాడు, దాన్ని గుద్దిన ఆటో డ్రైవరు. పారిపోకుండా తనే ఆస్పత్రికి చేర్చాడట. అప్పట్నించి కాలెలా ఉందో అడగడానికి వస్తూనే ఉంటాడట. ఉంటే ఉండనీ, కడిగి పారేద్దామని నేను దారి పొడవునా మాటలు సిద్ధం చేసుకొచ్చాను.

“ఎలా గుద్దావయ్యా?” అన్నాను.

“హారన్ కొట్టేనండి, తప్పుకుంటారనుకున్నాను. ఎడం పక్కంతా ధాన్యం ఆరబోసుందండి. ఆవిడ గింజ మీద కాలెట్టలేక రోడ్డు మీదకే జరిగేరు. స్లో చెయ్యాల్సింది నేనండి. బ్రేకు నా కాలి కిందుంది గానీ ఆవిడ కాలి కింద లేదు కదండీ.”

తప్పు నాదేనని తనే అంటే ఇంకేం తిడతాం! నా కోపం మా చెల్లెలి మీదకి మళ్లింది. “కాలు విరిగినా పర్లేదు గానీ గింజ మీద పెట్టకూడదా నీకు?”

“చెప్పుల కాలితో లక్ష్మిని ఎలా తొక్కుతానక్కా?” అంది రమణ.

మర్నాడు పొద్దున్న పనసాకుల బుట్టల్లో ఇడ్లీల్లా ఉడికిన పొట్టిక్కలు తిని, ఎనిమిదింటికి దాని చెయ్యి పట్టుకుని గేటు దాటించాను. “కుడి పక్కన నడువు. ఎదురొచ్చే బండి కనిపిస్తుంది. ధాన్యం ఉందా, శుభ్రంగా తొక్కు” అని దారి పొడవునా పాఠం చెప్పాను. వంతెన దాటాక ధాన్యం మా పక్కనే మొదలైంది. బంగారంలా మెరుస్తోంది. దాని అంచు పట్టుకుని నడుస్తున్నాం.

మలుపులోంచి ఓ బైకు హారన్ కొడుతూ దూసుకొచ్చింది. నేను బైకుని చూశాను, ధాన్యాన్ని చూశాను. చూసి, రోడ్డు మధ్యకి అడుగేశాను!

రమణ నా రెక్క పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇద్దరం చెప్పులతో సహా ధాన్యంలో పడ్డాం. బైకు వేగం తగ్గించకుండానే పోయింది. రమణ ముందు భయంగా చూసి, తర్వాత పకపకా నవ్వింది. “ఏవక్కా, ఇందాకట్నుంచి నాకేం చెప్తున్నావు?”

ధాన్యం రైతు పరిగెత్తుకొచ్చాడు. నేను వంగి గింజలు కళ్లకద్దుకుంటూ, తొక్కేశాం, ఏమీ అనుకోవద్దన్నాను.

“అయ్యో, ప్రాణాల కంటేనా అండీ! మీరు నడిచే దారిలో ఆరబోసింది మేం కదండి” అని, పారతో ధాన్యం లోపలికి లాగి అంచున మనిషి నడిచేంత దారి వదిలాడు. అప్పటికి మా వెనక సత్తిబాబు ఆటో వచ్చి ఆగి ఉంది. హారన్ కొట్టలేదు. “ఆయ్, నడవండమ్మా, తొందరేం లేదు” అన్నాడు.

అక్కణ్ణుంచి రమణ నా చెయ్యి వదిలేసింది. షాపు తలుపు తనే తీసింది. మిషను దుమ్ము దులిపి, నూనె వేసి, కొనేవాళ్లకి ఫోన్ చేసి రావద్దంది.

తర్వాతి రోజు మధ్యాహ్నం పూతరేకుల డబ్బాతో తిరుగు ప్రయాణం, ఈసారి బస్సులోనే. ఆ రోడ్ల మీద గింజలూ ఆరతాయి, పిల్లలూ నడుస్తారు, గేదెలూ తిరుగుతాయి. ఆ ఊళ్లలో దారంటే అందరిదీ. బండి నడిపేవాళ్లు అది గుర్తుంచుకుంటే ఇంత హాయైన ప్రయాణం ఇంకోటుండదు. తణుకు దాటుతుంటే రమణ ఫోన్ చేసింది. వెనకాల మిషను చప్పుడు.

“ఒక్కదానివే వెళ్లావా?”

“ఒక్కదాన్నే. సరేగానీ అక్కా, విజయవాడలో దిగేక రోడ్డు చూసుకుని దాటు. అక్కడ నిన్ను లాగడానికి నేనుండను.”