చెమట పట్టని పిల్లవాడికి ఒక ఇల్లు

అది 2022 మే నెల. సైదాబాద్‌లో మా ఆఫీసు అంటే ఒక షట్టరు, మూడు కుర్చీలు, తాళంచెవులు తగిలించిన మేకుల పలక, అంతే. పాతబస్తీలో ఇళ్ళు కిరాయికి ఇప్పించడం నా పని. జనం నన్ను దలాల్ అంటారు. విజిటింగ్ కార్డు మీద మాత్రం ‘ప్రాపర్టీ కన్సల్టెంట్’ అని అచ్చు వేయించుకున్నాను. ఏ పేరుతో పిలిచినా చేసేది ఒకటే పని. ఇన్నేళ్ళలో ఎంతమందికి ఇళ్ళు చూపించానో నాకే గుర్తు లేదు. కానీ మరిచిపోలేనిది ఒకటి చెప్పమంటే నాకు ముందు సునీతే గుర్తొస్తుంది.

ఇల్లు చూపించడాన్ని మేం ‘విజిట్’ అంటాం. ఎండాకాలంలో విజిట్లు పొద్దున్నే ముగించేయాలి, లేదంటే పొద్దు వాలాక పెట్టుకోవాలి. మే నెల మిట్టమధ్యాహ్నం టాప్ ఫ్లోర్ ఇల్లు చూపించే దలాల్ హైదరాబాద్‌లో ఇంకా పుట్టలేదు. స్లాబు కాలిపోయి, ఫ్యాను వేస్తే పైనుంచి వేడిగాలి దిగుతుంది. వచ్చినవాళ్ళు లోపలికి తొంగిచూసి, విడిచిన చెప్పులు మళ్ళీ వేసుకుంటారు. అలాంటి కాలంలో సునీత ఫోన్ చేసింది.

“అన్నా, కిరాయికి ఇండ్లు జూపియ్యాలె. మధ్యాన్నం రెండింటికి వస్త.”

“అప్పుడేందమ్మా, ఎండ మండిపోతది. పొద్దుగాల రా, సల్లగ చూడొచ్చు.”

“పొద్దుగాల అన్ని ఇండ్లు సల్లగనే ఉంటయి గదన్నా! నాకు రెండింటికే చూడాలె. ఊకె చూసుడు గాదు, ఒక గంట కూసుంట.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇల్లు కొనేవాళ్ళే పది నిమిషాల్లో తేల్చేస్తారు, కిరాయికి వచ్చి గంట కూర్చునేదేమిటి? అయినా నోటికాడికి వచ్చిన బేరం, సరే రమ్మన్నాను.

చంకలో ఐదేళ్ళ కొడుకుతో వచ్చింది. వాడి చొక్కా నిండా తడిసి ఉంది. పలచటి జుట్టు, నవ్వితే అక్కడొకటి ఇక్కడొకటి మొనదేలిన పళ్ళు. పేరు చిన్ను. “నీళ్ళల్ల ఆడిండా ఏంది?” అని నేను నవ్వితే ఆమె నవ్వలేదు. పిల్లవాడికి పుట్టుకతోనే చెమట పట్టదట. ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు. ఎండలో కాసేపు ఉంటే చాలు, ఒళ్ళు పెనంలా కాలిపోతుంది. ఒకసారి ఫిట్స్ కూడా వచ్చాయి. అందుకే చొక్కా తడిపి ఉంచుతుంది, ఆరగానే మళ్ళీ తడుపుతుంది. ఆమె చేతిలో ఎప్పుడూ నీళ్ళ సీసా ఉండేది.

వాళ్ళది గోదావరిఖని. బొగ్గుబావుల ఊరు, అక్కడి ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. భర్త ఒక మందుల కంపెనీ గోడౌన్‌లో సూపర్‌వైజర్. బెంగళూరు పోతావా, హైదరాబాద్ పోతావా అని కంపెనీ అడిగింది. సోమవారం లోపల ఏదో ఒకటి చెప్పాలి. జీతం ఎక్కడైనా ఒకటే.

“మా ఆయన బెంగుళూరే అంటుండు అన్నా. ఊరు సల్లగుంటది, కాదనను. కానీ ఆడ కిరాయికే సగం జీతం పోతది. నేను గూడ నౌకరీ చెయ్యాలె. మరి వీని చొక్కా ఎవరు తడుపుతరు? ఈడ మా అక్క ఉంది, వీడు పుట్టినప్పటి సంది చూసే డాక్టర్ సాబ్ ఉన్నడు, ఖర్చు తక్కువ. ఉన్నదల్లా ఎండ ఒక్కటే. సల్లటి ఊర్ల ఎవ్వరు లేకుంట ఉండుడా, మనోళ్ళున్న ఊర్ల భయపడుకుంట బతుకుడా? నువ్వే చెప్పు.”

“ఏసీ ఉన్న ఇల్లు చూద్దాం తియ్” అన్నాను.

“కరెంటు పోతే?”

నేను మేకుల పలక మీది తాళంచెవులు అందుకున్నాను.

మొదట సైదాబాద్‌లోనే, వాళ్ళక్క ఇంటి దగ్గర, ఒక పోర్షన్ చూపించాను. ఇంట్లో ఒక భాగాన్ని విడిగా కిరాయికి ఇస్తే పోర్షన్ అంటాం. ఆమె గదిలో బండ మీద కూర్చుని, గోడకు వీపు ఆనించి, పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుంది. వాడి నుదుటి మీద చెయ్యి తియ్యకుండా అలాగే ఉంది. నేను గుమ్మంలో కర్చీఫ్‌తో విసురుకుంటూ నిలబడ్డాను. కాసేపటికి లేచి “గాదన్నా” అంది. మర్నాడు బహదూర్‌పురాలో జూ పార్కు దగ్గరి ఇల్లు. చెట్లున్నాయి, గాలి బాగుంది, కానీ పడమటి గోడ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసుకుంది. ఆమె కాదన్న ప్రతిసారీ నాకు విసుగు రావాలి. అదేమిటో, రెండో రోజుకే విసుగు పోయి గుబులు పట్టుకుంది. ఏ ఇంటికి వెళ్ళినా నేనూ ముందు గోడలే తడిమి చూడసాగాను.

శనివారం ఫలక్‌నుమాలో ఆఖరి ఇల్లు చూశాం. మూడు పక్కలా ఇళ్ళు మూసుకుపోయి గాలి ఆడని ఇల్లు. “ఇగ బెంగుళూరే రాసిపెట్టుంది అన్నా, నీకు మస్తు తక్లీఫ్ ఇచ్చిన” అంది. ఆటోలో తిరిగి వస్తుంటే శాలిబండ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. ముందు ఏం జరిగిందో తెలియదు, వెనక్కి తిప్పుకునే దారి లేదు. సీసాలో నీళ్ళు అయిపోయాయి. చిన్ను ముఖం ఎర్రబడింది. పిలిస్తే పలకడం మానేశాడు.

“చిన్నూ! చిన్నూ! నన్ను చూడు బిడ్డా!” అని సునీత వాడి చెంపలు తడుతోంది. నేను ఆటో దిగి వాణ్ణి ఎత్తుకుని పక్క గల్లీలోకి పరుగెత్తాను, సునీత నా వెనకే. సగం దించిన షట్టరు ఒకటి కనబడింది. అది కిషన్‌లాల్ సేట్ తమలపాకుల దుకాణం. తాతల నాటి నుంచి వాళ్ళది ఆకు టోకు వ్యాపారం. ముఖపరిచయం తప్ప నాకూ ఆయనకూ పెద్దగా మాటల్లేవు.

“సేట్, పానీ! జల్దీ!”

“అందర్ లావో, అందర్!” అంటూ ఆయన షట్టరు ఎత్తేసి లోపలికి పిలిచాడు.

దుకాణం వెనక చిన్న వాకిలి, దాని అవతల ఆకులు నిలవ ఉంచే గది. సేట్ అక్కడున్న బకెట్‌లోంచి నీళ్ళు వాడి తల మీద, ఛాతీ మీద పోశాడు. ఆకుల గంపల మీది తడి గోనె లాగి వాడి కాళ్ళకు చుట్టాడు. సునీత విసురుతూ కూర్చుంది. కొంతసేపటికి వాడు కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, “అమ్మా, గిదేందే గీ వాసన?” అన్నాడు. అది ఆకుల వాసన. సునీతకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

డాక్టర్‌కు ఫోన్ చేస్తే, కాసేపు అక్కడే చల్లగా ఉంచి తర్వాత తన దగ్గరికి తీసుకురమ్మన్నాడు. చిన్ను ఆ షాబాదు బండల మీదే నిద్రపోయాడు. అప్పుడు చూసుకున్నాను, నా ఒంటి మీద చెమట ఎప్పుడో ఆరిపోయింది. డంగుసున్నం గోడలు, మూరెడు మందం. పైన ఇంకో అంతస్తు ఉంది కాబట్టి కప్పుకు ఎండ తగలదు. సునీత చెయ్యి పిల్లవాడి నుదుటి మీద ఉంది, కళ్ళు మాత్రం గది నాలుగు మూలలూ తిరుగుతున్నాయి. ఇల్లు నచ్చిన మనిషి చూపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా పొట్ట గడిచేదే ఆ చూపు మీద.

“సేట్, ఈ రూం కిరాయికి ఇస్తరా?” అని అడిగేసింది.

ఆయన తెల్లబోయాడు. “అరె బేటీ, ఇది ఇల్లా? వంటిల్లు లేదు, ఏం లేదు. మరి నా ఆకు ఏడ పెట్టుకోవాలె? ఎండకు ఒక్క రోజుల నల్లగైతది.”

ఆమె బతిమాలలేదు. “బరాబర్ సేట్. మీరు నా కొడుకును బతికిచ్చిండ్రు, గదే చాలు” అని దండం పెట్టి, పిల్లవాణ్ణి భుజాన వేసుకుంది. ఆసుపత్రి దాకా ఆటోలో నేనూ వెళ్ళాను.

ఆదివారం సాయంత్రం ఉండబట్టలేక సేట్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కాళ్ళ మీద పడదామా, కిరాయి ఎక్కువ ఆశపెడదామా అనుకుంటూ దారంతా మాటలు పేర్చుకున్నాను. చూస్తే, ఆయన మెట్ల కింది చీకటి కొట్టు ఊడ్పిస్తున్నాడు.

“ఏంది సేట్, దీపావళా?” అన్నాను.

ఆయన నవ్వలేదు. “నిద్ర వట్టలే భాయ్. రోజు ఆకుకు నీళ్ళు జల్లుతం, గోనె కప్పుతం, పసిపిల్లల లెక్క చూసుకుంటం. నిజంగ పసిపిల్లగాడు ఇంట్లకొస్తే జాగా లేదన్న. ఆకు ఈ కొట్టుల వెడత. కొంచెం ఖరాబైతే ఖరాబ్ గానీ. ఆ బేటీకి ఫోన్ జెయ్.”

నేను ఫోన్ తీశాను గానీ నంబరు కనబడలేదు, కళ్ళు మసకబారాయి. ఆయనే అద్దాలు పెట్టుకుని నొక్కి ఇచ్చాడు. సోమవారం సునీత భర్త కంపెనీకి హైదరాబాద్ అని చెప్పాడు. జూన్ లోపల సేట్ వాకిలి పక్కన వంటకు గట్టు కట్టించాడు, గదికి కిటికీ పెట్టించాడు.

కమీషన్ తీసుకున్నావా అంటారేమో. సునీత దగ్గర తీసుకున్నాను, నాకూ ఇల్లు గడవాలి కదా. సేట్ దగ్గర మాత్రం పైసా రాలేదు. “నా ఆకును బయట పడేపిచ్చి నన్నే అడుగుతవా!” అని పాన్ కట్టి చేతిలో పెట్టి పంపించాడు.

నిజం చెప్పాలంటే, ఆ తర్వాతే నాకు భయం మొదలైంది. ఇంట్లో చల్లగా ఉంటాడు సరే, ఇల్లు దాటాలి కదా, బడికి పోవాలి కదా. చల్లటి ఊరికి పోయేవాళ్ళను ఈ ఎండల ఊళ్ళో ఆపేశాం, ఏమైనా అయితే? తర్వాతి ఏడాది ఒంటిపూట బడులు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అటు పని లేకపోయినా వెళ్ళాను. గల్లీ లోపలికి బడి ఆటో రాదు, చిన్ను గల్లీ మొదట్లోనే దిగాడు. సునీత ఎదురు వస్తోంది, ఇంకా దూరంగా ఉంది. నేను అడుగు వేసేలోపే మజ్జిగ బండి భాయ్ చెంబెడు నీళ్ళు వాడి నెత్తి మీద కుమ్మరించాడు. వాడు ఆగి తల వంచాడు, రోజూ అలవాటే అన్నట్టు. నాలుగడుగులు వేశాక ఇస్త్రీ ఆయన బట్టల మీద చల్లే సీసాతో వాడి వీపంతా తడిపాడు. గాజుల దుకాణం ఆమె లోపలి నుంచే “రుకో బేటా, రుకో” అంటూ మగ్గు పట్టుకుని బయటికి వచ్చింది. గల్లీ మొదలు నుంచి ఇంటి దాకా వాడి చొక్కా ఆరనివ్వలేదు.

“నువ్వు చెప్పిపెట్టినవా?” అని సునీతను అడిగాను.

“మొదట సేట్ జెప్పిండట. ఇగ తర్వాత ఎవరికి వాళ్ళే. కిరాయి, కరెంటు, ఎండ, డాక్టరు, రెండు ఊర్లయి అన్ని పక్కపక్కకు వెట్టి చూసిన గదన్నా. గిట్ల నీళ్ళు వోసేటోళ్ళను ఏ ఊరి లెక్కల రాసుకోవాలెనో అప్పుడు నాకు తెల్వలే” అంది. అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

ఇప్పుడు ఎవరైనా ఫలానా ఏరియా ఎలా ఉంటుందని అడిగితే కిరాయి, నల్లా నీళ్ళు, కరెంటు అన్నీ చెబుతాను. ఆ తర్వాత, ఆ గల్లీలో ఎవరి గుమ్మం ముందైనా నిలబడి ఒక గ్లాసు మంచినీళ్ళు అడగమంటాను. ఎలా ఇస్తారో చూసుకుని అడ్వాన్స్ ఇవ్వమంటాను. మండుటెండలో ఇల్లు చూపించమని మొండికేసిన ఆ తల్లికీ, తన సరుకు తీసి పిల్లవాడికి చోటిచ్చిన ఆ సేట్‌కూ నేను రుణపడి ఉన్నాను. వాళ్ళ వల్లే నా పనేమిటో నాకు తెలిసింది.

ఆ ఒంటిపూట బడి రోజున, గల్లీలో, నా చేతిలోనూ నీళ్ళ సీసా ఉంది. మూత తీసి వాడి తల మీద పోశాను. వాడు ముఖం తుడుచుకుని, సగం పళ్ళతో నవ్వి, “అంకుల్, సలి వెడుతుంది!” అన్నాడు.