జెకర్యా చెట్టెక్కితే

మా ఉద్దానంలో మనిషికి జ్వరమొస్తే సోంపేట ఆసుపత్రికి బండి కట్టాలా వద్దా అని ఇంటిల్లిపాదీ కూర్చుని తర్జనభర్జన పడేవారు. కొబ్బరిచెట్టు మొవ్వ వాడితే మాత్రం మరుక్షణం జెకర్యాకి కబురు వెళ్లేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి ఇది. రాష్ట్రం వచ్చినా చెట్లని తొలిచే కొమ్ముపురుగు పోలేదు కనక జెకర్యాకి పని తగ్గలేదు.

అతను దింపు తీసేవాడు కాదు. ఎవరైనా పొరపాటున కాయలు దింపమంటే మొహం మాడ్చుకునేవాడు. "పట్నం డాకటేరు మనిషి నాడి సూత్తాడు, నాను సెట్టు నాడి సూత్తాను. డాకటేరు సేత బిందెలు మోయిత్తారేటి?" అనేవాడు. నడుముకి కత్తి, భుజాన సంచి, కాళ్లకి పీచుతాడు బంధం. సంచిలో ఇసుకా ఉప్పూ వేపపిండీ కలిపిన మందు, మానుకి తగిలిన దెబ్బలకి పూయడానికి డబ్బాలో తారు. అన్నిటికన్నా ముఖ్యం జానెడు ఇనప కొక్కెం. పురుగు తొలిచిన కన్నంలోకి దాన్ని పోనిచ్చి, చెవి దగ్గరపెట్టి విని, మెలితిప్పి లాగితే కొమ్ముపురుగు కాళ్లు కొట్టుకుంటూ బయటికి వచ్చేది. కింద మాట్లాడుతున్న యజమాని గొంతు పట్టి, దాన్ని అతని నెత్తిమీదే పడేసేవాడు. అదో సరదా.

చెట్టెక్కే ముందు కేక వెయ్యడం మా వైపు ఆచారం. పెరట్లో ఆడవాళ్ల స్నానాలకి కొబ్బరాకుల దడే గాని పైకప్పు ఉండదు. కేక వినగానే లోపలున్నవాళ్లు చీర చుట్టుకుని ఇంట్లోకి పోయేవారు. మిగతావాళ్లు ఒక కూత కూసి ఊరుకునేవారు. జెకర్యా ఆదివారం బాప్టిస్టు గుడిలో పాటలెత్తే మనిషి, ఊరుకుంటాడా? "సెట్టెక్కుతన్నానోలమ్మా! తప్పుకోండోలమ్మా!" అని రాగం తీసి, చరణం అందుకుని, ఆకాశంలో పక్షులు కూడా తప్పుకునేదాకా వదిలేవాడు కాదు. తీరా ఎక్కాక ఊళ్లో ముసలి పోలమ్మ గంజి ముంత పట్టుకుని చెట్టు కిందకి చేరేది, జీడిపప్పు వ్యాపారం పాపారావు కొట్టు వదిలి వచ్చేవాడు, ఊళ్లో కబుర్లన్నీ చెట్టు కిందా పైనా నడిచేవి. అతనికి పనికన్నా ఆ కబుర్లే ఇష్టమని నా అనుమానం.

ఈ కేక యజ్ఞనారాయణ మాస్టారికి పడలేదు. ఆయన బడి నుంచి దిగిపోయాక ధ్యానంలోకి దిగారు. రోజూ పొద్దున పెరటి కొట్టంలో తలుపేసుకుని కూర్చునేవారు. ఆ వేళలో ఆయన ముఖం చూసినవాడు లేడు గాని, తేజస్సు గురించి మాత్రం ఊరంతా చెప్పుకునేది.

"ఒరే జెకర్యా, నీ గావుకేకలకి నా ధ్యానం చెదిరిపోతోంది. ఇకమీదట నా తోటలో నోరెత్తకుండా ఎక్కు. లేదా మరొకణ్ణి చూసుకుంటాను" అన్నారు ఓ సాయంత్రం.

"అమ్మగోరున్నారు గదా బాబూ, తప్పు గదా?"

"ఆవిడకి నేను చెబుతాలే."

చెప్పలేదు. ధ్యానంలో పడి మరిచిపోయారు కాబోలు. మర్నాడు జెకర్యా నోరు మూసుకుని ఎక్కాడు, మొవ్వలో కొక్కెం పెట్టాడు. సరిగ్గా అప్పుడే మాస్టారి భార్య మంగతాయారు గారు దడి లోపల చెంబు ఎత్తబోతూ తలెత్తి చూశారు. ఆవిడ వేసిన కేక ముందు జెకర్యా కేక ఏ మూలకి?

నిమిషంలో వీధంతా పోగైంది. "కేక లేకుండా దొంగలా ఎక్కేడు! ఇన్నాళ్లూ ఎంతమందిని సూసేడో!" అన్నాడు రామూర్తి, రాత్రికి రాత్రి పొలం గట్టు జరుపుకునే పెద్దమనిషి. "మాస్టారే కేకెయ్యొద్దన్నారు, అడగండి!" అని పైనించి జెకర్యా మొత్తుకున్నాడు. అందరూ మాస్టారి వైపు చూశారు. మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ చేతిలో ఇంకా ఇత్తడి చెంబు ఉంది. "నేనా? నేనెప్పుడన్నాను?" అన్నారాయన.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. జెకర్యాకి దూరం చూపు ఆనదు. చెట్టు మీంచి కిందకి చూస్తే పచ్చగానో తెల్లగానో మసక తప్ప మరేం కనబడదు. ఎక్కడం కాళ్లతో, వైద్యం చేత్తోనూ చెవితోనూ నడిపించుకొచ్చాడు. ఇది అతని భార్య దోర్కాసుకి తెలుసు, ఆవిడ ద్వారా మా ఇంట్లో తెలుసు. ఆ ఒక్క మాటా చెబితే అతని పరువు దక్కుతుంది. కాని కళ్లు కనబడనివాణ్ణి చెట్టెక్కించాక వాడు పడితే ఆ పాపం ఎవడు మోస్తాడు? ఇక ఎవరూ పిలవరు, బతుకు పోతుంది. చెప్పకపోతే ఆడవాళ్లను పొంచి చూసినవాడవుతాడు, అప్పుడూ ఏ తోటకీ రానివ్వరు. గుంపులో ఉన్న దోర్కాసు ఉండబట్టలేక, "మా ఆయనకి కళ్లు..." అని మొదలెట్టింది.

"నోర్ముయ్యే!" అని పైనించి గద్దించాడు. తర్వాత మట్టని గట్టిగా వాటేసుకుని, గుడిలో పాటెత్తే గొంతుతో అన్నాడు: "ఔను! సూసేను! ఇన్నేళ్లూ ఈ ఊల్లో పెరడు పెరడూ సూసేను! ఒకల్దీ బయటెట్టనేదు. ఇప్పుడు సెప్పీమంటారా? ఎవులింటి కాన్నించి మొదలెట్టమంటారు?"

వీధి చల్లబడిపోయింది. అందరికన్నా ముందు పాపారావు చెమట తుడుచుకున్నాడు, జీడిపప్పు బస్తాల్లో అతను ఏం కలుపుతాడో దేవుడికే తెలుసు. రామూర్తి గట్టు వైపు చూడకుండా ఉండడానికి నానా అవస్థా పడ్డాడు. నిన్నటిదాకా పొరుగింటి పిందెలు కోసుకున్న ఇల్లాళ్లు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు.

"మాస్టారూ, బేగి ఒప్పీసుకోండి బాబూ, మీకు పున్నెముంటాది!" అన్నాడు పాపారావు.

"ఏమని ఒప్పుకోను?" అన్నారు మాస్టారు. అంతలో పైనించి, "కొట్టంలో ధ్యానం కాన్నించి మొదలెట్టీమంటారా?" అని వినిపించింది. గుడ్డివాడి రాయి సూటిగా తగిలింది. ఆ కొట్టంలో నులకమంచం, తలగడా ఉన్నాయని తర్వాత తెలిసింది లెండి.

"నేనే అన్నాను! కేక వెయ్యొద్దని నేనే అన్నాను, వాడి తప్పేం లేదు!" అన్నారు మాస్టారు ఒక్క ఊపిరిలో. మంగతాయారు గారు చెంబుతో సహా ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. జెకర్యా దిగొచ్చాడు. నలుగురూ చేతులు కట్టుకుని దారి ఇచ్చారు. ఆ రోజు నాకు పండగలా అనిపించింది.

ఆ తర్వాత అతని పరువుకి లోటు రాలేదు, పనికీ రాలేదు. కేక వెయ్యగానే ఆడవాళ్లే కాదు, మగవాళ్లు కూడా లోపలికి పోయేవారు. పాపారావు కొట్టు మూసేవాడు. పోలమ్మ గంజి ముంత చెట్టు మొదట్లో పెట్టేసి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయేది. అది తెలియక జెకర్యా పైనించి చాలాసేపు పోలమ్మతో మాట్లాడుతూనే ఉండేవాడు.

ఓ రోజు మా ఇంటి అరుగు మీద కూర్చుని దోర్కాసుతో అన్నాడు: "దూరంగా ఉన్నోల్లు నాకెప్పుడూ కనబడనేదే. ఇప్పుడు దగ్గిరికొచ్చీవోల్లు కూడా నేకుండా పోనారు."

"పోనీ నిజం సెప్పీరాదా?"

"సెప్తే సెట్టెక్కనిత్తారేటి?"

మర్నాడు పొద్దున్నే కేక ఇంకా పెద్దగా, ఇంకా రాగంగా వినిపించింది. వీధి పొడుగునా తలుపులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి.