పాస్తాలో మొదటి గరిటె

దెయ్యాల మాట ఎత్తితే నాకు భయం వేయదు, విసుగు వస్తుంది. పదకొండేళ్లుగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని వచ్చినవాళ్ల వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే, లోపల మలేరియా దర్జాగా కూర్చుని ఉండేది. మైక్రోస్కోపు కింద కనిపిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇప్పటికీ నా లెక్క అదే. ఈవిడ మొదటి నుంచీ ఇలాంటివి నమ్మే మనిషేలే అని మీరు కొట్టిపారేయకూడదని ముందే చెబుతున్నాను.

మాది ఖమ్మం. నాన్నది గాజుల దుకాణం. చిన్నప్పుడు నానమ్మ జిన్నుల కథలు చెబుతుంటే మధ్యలో ప్రశ్నలు వేసి ఆమెకు కోపం తెప్పించేదాన్ని. మా ఆయన సత్తుపల్లి వైపు బొగ్గు టిప్పర్ నడుపుతాడు, ఆదివారాలు వచ్చిపోతాడు. నాకు బూర్గంపాడు దాటి లోపల, అడవి అంచున ఉన్న ఊరికి బదిలీ కావడంతో, అయిదేళ్ల మా సనాను వెంటబెట్టుకుని అక్కడే ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నాను.

ఆ ఇల్లు నాగమ్మ అనే కోయ ఆవిడది. ఒకప్పుడు ఆమె అత్త ఉన్న ఇల్లు. అత్త పోయాక అదే ఆవరణలో కొత్త ఇల్లు వేసుకుని పాతది మాకిచ్చింది. మధ్యలో పెద్ద గది, వెనక చిన్న వంటగది. వంటగదికి ఒకటే తలుపు. బయటి వైపు, అంటే గది వైపు, తలుపు పైభాగాన గొలుసు గొళ్లెం ఉంటుంది. దాన్ని గుమ్మం పైన ఉన్న కొక్కేనికి తగిలించాలి. నేనే మునివేళ్ల మీద నిలబడి తగిలించేదాన్ని. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇల్లు చూపించిన రోజు నాగమ్మ వంటగదిలో ఒక మూలను చూపించి ఒక్కటే షరతు పెట్టింది.

"మీరు ఏం వండుకున్నా మాకేం అడ్డం లేదు మేడమ్. గని ఈ ఇంట్ల ఎప్పుడూ వండంది కొత్తగ వండితే, మొదటి గరిటె గా మూలకు పెట్టున్రి. పెద్దోళ్లకు పెట్టకుంట కొత్తది ముట్టం మేము."

వాళ్లలో కొత్త చిక్కుడుకాయలైనా, కొత్త వడ్లైనా పోయిన పెద్దలకు పెట్టాకే తింటారని ఆసుపత్రిలో విన్నాను. పంటకు ఉన్న పద్ధతిని నాగమ్మ వంటకు కూడా పట్టించిందన్నమాట. సరేలే, బిర్యానీ చేసిన రోజు మీ అత్తనే ముందు పిలుస్తానన్నాను. నాగమ్మ నవ్వలేదు.

ఆరు నెలలు గడిచాయి. అన్నం, పప్పు, గుడ్లు, కోడికూర. ఉద్యోగం చేసుకుంటూ పిల్లను చూసుకునే ఆడదానికి కొత్త వంటలు చేసే ఓపిక ఎక్కడిది? చివరికి బిర్యానీ కూడా వండలేదు.

తర్వాత వానాకాలం వచ్చింది. మా ఊరికి రెండు వైపులా వాగులే. ఆ వారం రెండు చప్టాల మీదా నీళ్లు పారాయి. అటు మనిషి అటే, ఇటు మనిషి ఇటే. నాగమ్మా వాళ్లాయనా బూర్గంపాడులో కూతురింటికి వెళ్లి అక్కడే చిక్కుకున్నారు. కరెంటు పోయి రెండు రోజులైంది. నా ఫోన్ చచ్చిపోయింది. పక్క ఇల్లంటే ఒక చేను దాటి వెళ్లాలి. సరిగ్గా అప్పుడే సనాకు జ్వరం మొదలైంది.

నేనే పరీక్ష చేశాను. మలేరియా కాదు, వైరల్ జ్వరం. మామూలుగా అయితే దీనికి కంగారుపడను. కానీ సనాకు జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. రెండేళ్లప్పుడు ఒకసారి, నాలుగేళ్లప్పుడు ఒకసారి వచ్చాయి. రెండోసారి నా చేతుల్లోనే కళ్లు తేలేసింది. వాగు దాటకుండా పెద్ద దవాఖానాకు తీసుకెళ్లే దారి లేదు. పిల్ల ముందురోజు నుంచి ఏమీ తినలేదు. గంజి పోస్తే ఉమ్మేసింది. ఖాళీ కడుపున సిరప్ పడితే వాంతి. ఆ సాయంత్రం కళ్లు తెరిచి పాస్తా కావాలని అడిగింది.

ఖమ్మంలో ఎవరిదో పుట్టినరోజుకు తిన్నప్పటి నుంచి దాని మీదే ప్రాణం. భద్రాచలంలో కొన్న ప్యాకెట్ ఒకటి డబ్బాలో పడి ఉంది. నాగమ్మ ఒకసారి దాన్ని చూసి, "ఏంది మేడమ్ ఇవి, నూనెల ఏయించే గొట్టాలా?" అని అడిగింది కూడా.

అయిదుంబావుకు వంటగదిలోకి వెళ్లాను. చేతి గడియారంలో టైము చూసుకోవడం నాకు ఉద్యోగంతో అంటిన అలవాటు. మంచం మీద సనా కనిపించేలా తలుపు బార్లా తెరిచే పెట్టాను.

ఆ వంటకు పెద్ద పనేం లేదు, ఖర్చూ లేదు. ఒక్కటే గిన్నె. నూనెలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఉల్లిగడ్డ వేయించాను. రెండు టమాటాలు కోసి వేశాను. సగం ప్యాకెట్ పాస్తా పోసి, మూడు గ్లాసుల నీళ్లు, ఉప్పు, కొంచెం కారం వేశాను. పెరట్లో మునగాకు ఉంటే పిల్లకు బలమని గుప్పెడు దూసి కడిగి ఉంచాను, అదీ వేశాను. నీళ్లు వార్చే పని కూడా లేదు. మూత పెడితే పావుగంటలో అదే దగ్గరపడుతుంది. గ్యాస్ అడుగంటిన రోజుల్లో ఇంతకంటే చవకైన రాత్రి భోజనం లేదు.

మంట తగ్గించడానికి వంగాను. నా వెనక వంటగది తలుపు మూసుకుంది.

గాలి అనుకున్నాను. వెళ్లి తోశాను. వేలు పట్టేంత సందు మాత్రం వచ్చింది. పైన గొలుసు బిగుసుకున్న చప్పుడైంది. వానకు చెక్క ఉబ్బితే తలుపు అంచుల దగ్గర పట్టేస్తుంది. ఈ తలుపు అంచులన్నీ వదులుగానే ఉన్నాయి. పైన ఒక్కచోటే ఆగింది. అంటే గొళ్లెం పడింది.

సనా అని పిలిచాను. "అమ్మీ" అంది నీరసంగా. మంచం దిగొద్దు, వస్తున్నా అన్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు.

భుజంతో గుద్దాను. అది టేకు తలుపు. పచ్చడి బండతో కొట్టాను. కిటికీ చువ్వలు పట్టుకుని పక్క చేను వైపు అరిచాను. పైన రేకుల మీద వాన మోతకు నా అరుపు నాకే వినిపించలేదు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు నడవగలిగే గది. అటు వెళ్లినా గోడే, ఇటు వెళ్లినా గోడే. గిన్నె ఆవిరికి ఊపిరి ఆడలేదు. సందులోంచి చూస్తే మంచం కోళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. అవతల పిల్లకు జ్వరం ఎక్కుతోందేమో, ఒళ్లు కొయ్యబారుతోందేమో. నేను పది అడుగుల దూరంలో ఉండి ఏమీ చేయలేని స్థితి. అడుగంటిన వాసన వచ్చాకగానీ స్టవ్ కట్టేయాలని గుర్తు రాలేదు. అప్పటికి అయిదూ నలభై.

స్టూలు ఎక్కి, పై సందులోంచి కూరగాయల కత్తి దూర్చాను. మొన గొలుసుకు తగిలింది. మెల్లగా పైకి ఎత్తాను. కొక్కెం నుంచి జారడం చేతికి తెలిసింది. అమ్మయ్య అనుకున్నాను. అంతలో కత్తి మీద బరువు పడింది. ఎవరో పై నుంచి వేలితో నొక్కినట్టు, గొలుసు నిదానంగా కిందికి దిగి మళ్లీ కొక్కేనికి తగులుకుంది. చప్పుడు లేదు. మళ్లీ ఎత్తాను. మళ్లీ దిగింది. మూడోసారి కత్తే జారి అవతల పడిపోయింది.

స్టూలు దిగి కింద కూలబడ్డాను. ఏడ్చాను. నాగమ్మ చెప్పిన మూల నాకెదురుగానే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, పాస్తా ఆ ఇంటికి కొత్తదని.

నాకు ముందు కోపం వచ్చింది. పదకొండేళ్ల ఉద్యోగం చేసి, నమాజు చదువుకునే ఇంట్లో పుట్టి, ముక్కూ మొహం తెలియని ముసలమ్మకు మూలన గరిటె పెట్టాలా? పెట్టనని పంతం పట్టాను. ఎంతసేపో తెలియదు. అటువైపు నిశ్శబ్దం ఆ పంతాన్ని నిలవనివ్వలేదు. లేచి, గిన్నె మూత తిరగేసి, ఒక గరిటె పాస్తా వేసి మూలకు పెట్టాను. పెట్టి గట్టిగానే అన్నాను. ఎవరైనా ఉంటే వినండి, మా ఇంట్లో నా బిడ్డ తినకుండా ఎవరూ తినరు, ముందు దానికి పెట్టండి అని.

తలుపు తోశాను. రాలేదు. ఇంత దిగజారాను చూడు అని నా మీద నాకే అసహ్యం వేసింది. మూల వైపు వీపు పెట్టి, తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాను.

కొంతసేపటికి వాన ఒక్క నిమిషం తెరిపిచ్చింది. అప్పుడు సనా నవ్వడం విన్నాను. జ్వరంలో కలవరింత కాదు. ఎవరో గోరుముద్దలు పెడుతూ ఆడిస్తే నవ్వే నవ్వు.

లేచి రెండు చేతులతో తలుపును తోశాను. అది ఎంత తేలిగ్గా తెరుచుకుందంటే, వెళ్లి గదిలో మోకాళ్ల మీద పడ్డాను. గొలుసు తలుపుకు వేలాడుతోంది. కదలడం లేదు. టైము ఆరూ యాభై.

సనా దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మూతి చుట్టూ టమాటా ఎరుపు. ఒళ్లో మోదుగాకు దొప్ప. అందులో నాలుగు పాస్తా ముక్కలు, కొంచెం మునగాకు మిగిలి ఉన్నాయి.

"అమ్మీ, ఇంకొంచెం ఉందా?" అంది.

ఎవరు పెట్టారని అడిగాను.

"అవ్వ. నువ్వే పంపినవ్ గద."

నాగమ్మ అవ్వా అంటే కాదని తలూపింది.

తర్వాత నేను చూసినవి చూసినట్టు చెబుతాను. వీధి తలుపు లోపలి గడియ వేసినట్టే ఉంది. కిటికీలకు చువ్వలున్నాయి. బయట అంత వానలో నేల మీద తడి అడుగు ఒక్కటి లేదు. మా పరిసరాల్లో మోదుగ చెట్టు లేదు, అడవిలోకి పోవాలి. దొప్ప ఆకు పచ్చగా, పొడిగా ఉంది. సన్నటి పుల్లతో కుట్టి ఉంది. దొప్పలోని పాస్తా నా గిన్నెలోదే, అదే అడుగంటిన వాసన. వంటగదిలోకి వెళ్లి మూల చూశాను. మూత కడిగి ఆరబెట్టినట్టు ఉంది.

థర్మామీటర్ పెడితే తొంభై తొమ్మిది. మధ్యాహ్నం నూటరెండు ఉండేది. వైరల్ జ్వరాలు అలా దిగడం మామూలే, దాన్ని నేను సాక్ష్యంగా చెప్పను. ఆ రాత్రి సిరప్ కడుపులో నిలిచింది. ఫిట్స్ రాలేదు.

వాగులు తగ్గాక ఆదివారం వచ్చిన మా ఆయన అంతా విని, భయంలో నువ్వే ముందు పిల్లకు పెట్టి మరిచిపోయి ఉంటావన్నాడు. ఉన్నవాటిలో మంచి కారణం అదే. నేనూ దాన్ని పట్టుకుందామని చాలా ప్రయత్నించాను. ఆ దొప్ప ఎక్కడిదంటే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికే ఇచ్చేశాడు. మిగిలిన ముక్కల్లో ఒకటి ఆసుపత్రికి తీసుకెళ్లి స్లైడ్ మీద పెట్టి చూశాను కూడా. పిండి, నూనె. అంతే.

ఆ వారంలోనే నాగమ్మ కూడా తిరిగొచ్చింది. ఆమె ఏమీ ఆశ్చర్యపోకుండా, మా అత్తే అయ్యుంటది అని తేల్చేస్తుందనుకున్నాను. అలా అంటే తగాదా పెట్టుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"మేము పెడతం మేడమ్. మా అత్త పెట్టింది, నేను పెట్టిన. చీమలు తింటయి, పొద్దుగాల ఊడ్చేస్తం. ఎవరన్న వచ్చి తినంగ ఏనాడు చూడలే."

దొప్ప చూపించాను. చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి కుట్టు చూసింది. ఆ రోజు నుంచి నాగమ్మ మా వంటగదిలోకి రాలేదు.

ఇల్లు మారలేదు. ఆ ఊళ్లో కిరాయికి వేరే ఇల్లు లేదు. వడ్రంగిని పిలిపించి వంటగది తలుపు మాత్రం ఊడదీయించాను. కొత్తది వండితే ఇప్పుడు ఒక గరిటె మూలకు పెడుతున్నాను. నమ్మి కాదు. ఎందుకో అడిగితే చెప్పలేను. పొద్దున చీమలే ఉంటాయి. సనాకు ఆ సాయంత్రం ఇప్పటికే సగం మరుపు. దొప్ప ఎండిపోయి నా పాత ల్యాబ్ రిజిస్టర్‌లో ఉంది.

గొళ్లెం సంగతి ఎప్పటికైనా తేలుతుందేమో. నాకు బయటికి చెప్పుకోలేని బాధ ఒకటే. నా బిడ్డ ఆకలితో ఉన్నప్పుడు వండిన గిన్నె పక్కన పెట్టుకుని నేను తలుపు అవతల ఉన్నాను. ఆ పూట దాని నోటికి ముద్ద అందించిన చెయ్యి నాది కాదు. ఎవరిదో నాకు తెలియదు.